నలభై నిమిషాల వీపు

ఆ రోజుల్లో ఒకరి మీద కుళ్లుకోవాలంటే కాస్త శ్రమ పడాల్సి వచ్చేది. బస్సెక్కి వాళ్ల ఊరికి పోవాలి, వాళ్లింట్లో కూర్చుని వాళ్లిచ్చిన కాఫీ తాగాలి, కొత్త బీరువానూ కొత్త పరుపునూ కళ్లారా చూడాలి, "బాగుందక్కా" అని పైకొకటి అని లోపలొకటి అనుకుని, మళ్లీ బస్సెక్కి ఇల్లు చేరాలి. ఇంత చేసేసరికి సగం కుళ్లు దారిలోనే కరిగిపోయేది. ఫోన్లలో ఇంటర్నెట్ చవకైన తర్వాత ఆ ఇబ్బంది తీరింది. ఆళ్లగడ్డలో మా వంటింటి గడప మీద కూర్చుని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, నంద్యాలలో ఉన్న మనిషి మీద రోజంతా కుళ్లుకునే సౌకర్యం భగవంతుడు నాకు పందొమ్మిదో ఏట ప్రసాదించాడు. (భగవంతుణ్ణి ఇందులోకి లాగడం తప్పే. కానీ జరిగిన ప్రతిదీ ఆయనకు చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మంచివి దణ్ణం పెట్టి చెబుతాను, ఇలాంటివి దణ్ణం పెట్టకుండా చెబుతాను.)

ఈమధ్య మా చుట్టుపక్కల పిల్లలు చాలామంది సొంతంగా సినిమాలు తీస్తామని బయలుదేరారు. పాణ్యం నుంచో కొత్తపల్లె నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేసి, "అక్కా, మొదటిసారి కొంటాన్నాం. ఏ కెమెరా తీసుకోమంటావు? మైకు ఏది మేలు?" అని అడుగుతుంటారు. మా ఊరి శిల్పుల పనులను వీడియోలు తీసి పెట్టడం ఇప్పుడు నాకు చేతనైన నాలుగు పనుల్లో ఒకటి, అందుకని అడుగుతారు. కెమెరా సంగతి చెప్పేముందు నేను ఒక్క ప్రశ్న వేస్తాను: "ఎవరిని చూసి కొనాలనిపించింది?" వాళ్లు నవ్వుతారు. అక్క తమాషా మనిషి అనుకుంటారు. నేను నిజంగానే అడుగుతున్నానని వాళ్లకు తెలియదు.

మాది రాయి చెక్కే కుటుంబం. మా నాయన, పెదనాయన ఇద్దరన్నదమ్ములు. పెదనాయనకు మాట బాగా వచ్చు. ఆయన నంద్యాలకు మారి, అక్కడ అంగడి పెట్టుకుని, విగ్రహాలు కావలసినవాళ్లతో మాట్లాడి పని తెచ్చేవాడు. మా నాయనకు మాట రాదు, చెయ్యి వచ్చు. ఆయన ఆళ్లగడ్డలోనే, ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉండిపోయాడు. పెద్ద విగ్రహమైతే ఒళ్లంతా పెదనాయన మనుషులు చెక్కేవాళ్లు. మొహమూ, వేళ్లూ, నగలూ చెక్కడానికి మాత్రం విగ్రహం మా షెడ్డుకు వచ్చేది. చెక్కినవాడి పేరు విగ్రహం మీద ఎక్కడా వేయకపోవడం మా ఆచారం. "దేవుని పాదాల కింద మనిషి పేరేందమ్మా, ఎవరన్నా నవ్వుతారు" అనేవాడు నాయన.

చిన్నప్పుడు వచ్చిన ఒక మొండి జ్వరం వల్ల నేను బడి గడప తొక్కలేదు. అక్షరాలు అమ్మ నేర్పింది, లెక్కలు నాయన నేర్పాడు. విగ్రహంలో మొహం పొడవు పన్నెండు అంగుళాలుగా పంచుకుని, దాన్నిబట్టి మిగతా ఒళ్లంతా కొలుచుకుంటారు కాబట్టి, నాకు పన్నెండో ఎక్కం ముందు వచ్చి రెండో ఎక్కం ఆ తర్వాత వచ్చింది. షెడ్డులో నాయన పక్కన గోనెపట్టా మీద కూర్చుని, ఉలి చప్పుడు వింటూ చదువుకున్నాను. ఇంతకన్నా మంచి బడి ఇంకెవరికైనా దొరికి ఉంటుందా అని ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు దణ్ణం పెట్టుకుంటాను. కానీ పందొమ్మిదో ఏట ఆ దణ్ణం పెడుతుంటే మధ్యలో నంద్యాలక్క వచ్చి నిలబడేది.

నంద్యాలక్క అంటే మా పెదనాయన కూతురు. నాకన్నా ఆరు నెలలు పెద్ద. కాలేజీ చదువు, స్కూటీ, భుజాల దాకా కత్తిరించిన జుట్టు. ఇవన్నీ నేను భరించాను. ఒకరోజు ఆమె సొంతంగా వీడియోలు తీసి పెట్టడం మొదలుపెట్టింది. పిడికిలంత కెమెరా అట, మొహం చుట్టూ వెన్నెల కాసే గుండ్రటి లైటట, కొంగుకు ఆరుద్ర పురుగులాగా అంటుకునే మైకట. (ఆ మైకు కూడా ఆమె కొంగుకు నప్పింది. నాకు అదే ఎక్కువ మండింది.) మొదటి వీడియోలో నల్లరాతి నంది ఉంది. కెమెరా నంది తోక దగ్గర బయలుదేరి, మూపురం ఎక్కి, మెడలోని గంటల పట్టెడ మీదుగా మెల్లగా మొహం దాకా వచ్చి ఆగింది. కింద అక్షరాలు: "మా నాన్న చెక్కిన నంది."

ఆ గంటల పట్టెడ మా నాయన చెక్కింది. ఆ మొహం మా నాయన చెక్కింది. పట్టెడలో పదిహేడు గంటలుంటే పదిహేడింటి లోపలా నాలుకలు చెక్కి, "ఎవరు చూస్తారు నాయనా?" అని నేనడిగితే, "నంది చూసుకుంటాది" అన్న మనిషి మా నాయన.

నేను ఆ వీడియోను ఎన్నిసార్లు చూశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పొద్దున ఒకసారి, పప్పు ఉడికేలోపల రెండుసార్లు, పడుకునే ముందు ఒకసారి. చూసిన ప్రతిసారీ కింద చూసినవారి సంఖ్య పెరుగుతుండేది. "చూడమ్మా, లోకమంతా ఎట్ల ఎగబడి చూస్తాందో" అని అమ్మకు చూపించి ఏడిచేదాన్ని. ఆ లోకంలో సగం నేనేనని అప్పట్లో నాకు తోచలేదు.

నాయనకు చూపిస్తే ఆయన ఫోన్‌ను కంటికి దూరంగా పెట్టుకుని, "నంది బాగొచ్చింది" అన్నాడు.

"నాయనా, కింద ఏం రాసిందో చదివినావా?"

"చదివినాలే."

"నీకు కోపం రాల్యా?"

"చెక్కింది ఎవరైతే ఏందమ్మా. నిలబడేది నంది గదా."

ఆయనకు రాని కోపం కూడా నాకే వచ్చింది. ఇద్దరి కోపం ఒక్కదాన్నే మోస్తూ, వారం తిరిగేలోపల నిర్ణయం చేసుకున్నాను. మాకూ ఒక కెమెరా కావాలి. నాయన పని చేస్తుండగా తీయాలి. ఎవరి చెయ్యి ఏది చెక్కుతుందో లోకం చూడాలి. లోకం తర్వాతి సంగతి, ముందు నంద్యాలక్క చూడాలి.

నాకు జుంకాలకని అమ్మ దాచిన బంగారం కొంచెం ఉండేది. అది అడిగాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "చెవులు బోసిగా పెట్టుకుని మెడలో కెమెరా ఏసుకుంటావా?" అంది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు చిన్న మూట తెచ్చి నా ఒళ్లో పడేసి, "మీ నాయన పేరు కోసమంటాండావు కాబట్టి ఇస్తాండా. ఆ నంద్యాల పిల్ల కోసమైతే కాదు" అంది. నేను తలూపాను. (స్వామీ, ఆ తలూపినందుకు తర్వాత క్షమాపణ చెప్పుకున్నాను, నీకు గుర్తుండే ఉంటుంది.)

నేను ఊరికే పోలేదు. కొనడం ఎలాగో చెప్పే వీడియోలు ఒక నెల చూసి, అరవై పేజీల నోటుపుస్తకంలో వివరంగా రాసుకున్నాను. కొత్తగా తీసేవాళ్లు చిన్న కెమెరా తీసుకోవాలి, తనంతట తాను ఫోకస్ కుదుర్చుకునేది అయితే మేలు. కెమెరా కన్నా మైకు ముఖ్యం. స్టాండు గట్టిది ఉండాలి. లైటు చివరన చూసుకోవచ్చు. అన్నీ సరిగానే రాసుకున్నాను. ఇప్పుడు పిల్లలకు చెప్పేది కూడా దాదాపు అదే. కాబట్టి ఆ రోజు జరిగింది తెలియక జరిగింది కాదు. అన్నీ తెలిసి జరిగింది.

నాయనా నేనూ బస్సులో నంద్యాలకు పోయి, బస్టాండు నుంచి నడిచి, కెమెరాలమ్మే అంగడి వెతుక్కున్నాం. అంగడాయన మంచివాడు. పెళ్లి వీడియోలు తీసీ తీసీ నడుము పట్టేసి, అంగట్లో కూర్చున్నాడట.

"ఏం తీస్తావు పాపా దీంతో? పెండ్లిండ్లా?"

"కాదన్నా. రాయిని."

ఆయన తల గోక్కున్నాడు. "రాయి కదలదు గదమ్మా. ఫోటో తీసుకుంటే సరిపాయ. వీడియో యాల?"

"రాయి కదలదప్పా. చెయ్యి కదుల్తాది" అన్నాడు నాయన. రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి, ఆ రోజు వాటా అక్కడే మొదలుపెట్టాడు.

ముందు స్టాండు చూపించారు. మూడు కాళ్లూ తెరిచి నిలబెట్టగానే నాయన దాని ముందు గొంతుకూర్చుని, ఒక్కో కాలినీ వేలి కణుపుతో టక్ టక్ మని కొట్టి, చెవి దగ్గర పెట్టి వినడం మొదలుపెట్టాడు. మాలో ఏ రాయి కొన్నా ముందు అలాగే కొట్టి చూస్తారు. లోపల సన్నటి నెర్ర ఉన్నా శబ్దం మొద్దుబారిపోతుంది, ఆ రాయి దేవుడికి పనికిరాదు. రెండు కాళ్లు విని, మూడో కాలి దగ్గర ఆగి, "ఇది పగిలింది" అన్నాడు.

"ఏందన్నా నువ్వు! ఇప్పుడే డబ్బాలోంచి తీస్తి. కొత్త వస్తువు!"

"నాకేం తెల్సప్పా. చెవి చెప్తాంది."

అంగడాయన విసుగ్గా ఆ కాలును పొడవుగా లాగాడు. లోపలి బిగింపు దగ్గర సన్నటి చీలిక కనబడింది. ఆయన స్టాండు వైపు చూసి, నాయన చెవి వైపు చూసి, లోపలికి పోయి ఇంకో మూడు స్టాండ్లు తెచ్చి, "అన్నా, ఇవి గూడా రవంత కొట్టి చెప్పు" అన్నాడు.

లైట్ల దగ్గరా అంతే. నంద్యాలక్క దగ్గరున్నటువంటి గుండ్రటి లైటు మీదికి నా చెయ్యి పోతుంటే నాయన ఆపాడు. "ఎదురుగా ఎలుతురు కొడితే రాయి మొహం తెడ్డు మాదిరి అయితాది. పక్కనుంచి రావల్ల. అప్పుడే ముక్కు ముక్కు, పెదవి పెదవి." అంగడాయన చేతులు జోడించినంత పనిచేసి, "ఇరవై ఏండ్లు తీసినా, నాకు ఈ మాట ఎవరూ చెప్పల్యా" అన్నాడు. లైటు కొనలేదు. మైకు కొన్నాం, ఆరుద్ర పురుగులాంటిదే. అంతవరకూ అంతా దైవకృప.

తర్వాత కెమెరా. అంగడాయన నా నోటుపుస్తకం చదివి మెచ్చుకుని, సరిగ్గా అందులో రాసుకున్నటువంటి చిన్న కెమెరా తీసి నాయన చేతిలో పెట్టాడు. నాయన దాన్ని అరచేతిలో ఎగరేసి చూసి (అంగడాయన ప్రాణం పోయి వచ్చింది), "ఇందులో ఏముందప్పా? దోసకాయ గూడా ఇంతకంటే బరువుంటాది" అన్నాడు. మావాళ్ల దృష్టిలో బరువులేనిది వస్తువు కాదు. ఆయన కళ్లు అంగట్లో తిరిగి తిరిగి పైఅరలో ఆగాయి. అక్కడ భుజాన పెట్టుకుని తీసే పాత పెళ్లి కెమెరా ఉంది. నల్లగా, మూరెడు పొడవున, ముందుకు పొడుచుకొచ్చిన మూతితో. దించి ఇస్తే రెండు చేతులా పట్టుకుని, "ఇదీ!" అన్నాడు నాయన.

"అన్నా, అది నాదే. నా నడుము పోయింది దానివల్లనే" అన్నాడు అంగడాయన. "అమ్మా, నువ్వు చదువుకున్న పిల్లవు, నువ్వు చెప్పు. దీనికి ఫోకస్ తనంతట తాను కుదరదు. పక్కన మనిషి నిలబడి తిప్పుకోవల్ల. నీకు చిన్నదే మేలు."

నేను చదువుకున్న పిల్లనే. చిన్నదే మేలని నాకు తెలుసు. కానీ చిన్నది నంద్యాలక్క దగ్గర ఉన్నటువంటిదే. అది కొంటే ఆమెను చూసి కొన్నట్టవుతుంది. ఈ పెద్దదాని పక్కన ఆమెది పెడితే ఎలా కనబడుతుందో ఒక్క క్షణం ఊహించుకున్నాను. నంది పక్కన ఎలుకపిల్లలాగా కనబడింది. అంతే.

"ఇదే ఇయ్యన్నా" అన్నాను.

తీయబోయే పని కూడా మామూలుది కాదు. కోయిలకుంట్ల దగ్గర ఒక ఊరికి నాయన గ్రామదేవత చౌడమ్మ విగ్రహం చేశాడు. మొదటి నుంచి చివరి దాకా ఆయన ఒక్కడే చేసిన విగ్రహం అది. కళ్లు మాత్రం మిగిలాయి. కళ్లు షెడ్డులో తెరవరు. ప్రతిష్ఠ రోజు, గర్భగుడిలో తెర వేసుకుని, శిల్పి ఒక్కడే లోపల కూర్చుని కనుపాపలు చెక్కి, చివరన బంగారు సూదితో తాకి కళ్లు తెరుస్తాడు. ఆ తొలిచూపు చాలా ఉగ్రంగా ఉంటుందని, శిల్పి తప్ప ఇంకో మనిషన్నవాడు ఎదురుగా ఉండకూడదని మా పెద్దల మాట. ముందు అద్దం చూపిస్తారు, తర్వాత ఆవును, ఆ తర్వాతే జనాన్ని. అలాంటి పని నంద్యాలక్క ఇంతవరకూ తీయలేదు, ఇకముందు తీయడం ఆమె వల్ల కాదు కూడా, ఎందుకంటే పెదనాయనకు కళ్లు తెరిచే పని చేతకాదు. ఈ ఆలోచన వచ్చిన రోజు నేను సంతోషంతో రెండు దీపాలు ఎక్కువ పెట్టాను.

ఆ ఊరి పెద్దాయన కెమెరాను చూడగానే అడ్డం తిరిగాడు. "లోపల మనిషే ఉండగూడదంటే ఈ యంత్రం ఏందమ్మా?"

"మనిషి ఉండడు తాతా. ఇది ఒక్కటే ఉంటాది. దీని కంట్లో ఉండేదీ అద్దమే గదా. అమ్మవారికి ముందు అద్దమే గదా చూపించేది?" అన్నాను. ఇంట్లో చదువుకున్నవాళ్లకు శాస్త్రం ఎటు కావాలంటే అటు వంగుతుంది. పెద్దాయన నాయన వైపు చూశాడు. నాయన కెమెరాను ఒకసారి చేత్తో తట్టి, "బరువుండాది. తట్టుకుంటాదిలే" అన్నాడు.

తెల్లవారుజామున స్నానం చేసి, పంచె కట్టి, పైన ఆచ్ఛాదన లేకుండా జంధ్యంతో, భుజాన కండువాతో నాయన సిద్ధమయ్యాడు. ఎండాకాలం. చెమటకాయలతో ఆయన వీపు మండుతుంటే అమ్మ చారెడు పౌడరు తీసి పూసింది. మైకు పెట్టడానికి కాలరు లేదు కాబట్టి పంచె ముడి దగ్గర తగిలించాను. ఇక ఫోకస్. అమ్మవారి మొహం మీద గుడ్డ కప్పి ఉంది, తీయకూడదు. దేన్ని చూసి కుదర్చాలి? "నాయనా, అమ్మవారి ముందర ఒక్క నిమిషం నిలబడు" అన్నాను. ఆయన నిలబడ్డాడు. ఆయన మీద చక్కగా, వెంట్రుక వెంట్రుక కనబడేలా కుదిర్చి, బటన్ నొక్కి, దణ్ణం పెట్టుకుని బయటికి వచ్చాను. తెర పడింది.

లోపలి నుంచి ఉలి చప్పుడు సన్నగా, ఆగి ఆగి వినబడుతుంటే నేను బయట నిలబడి అమ్మవారిని ఏమీ కోరలేదు. నంద్యాలక్క ఈ వీడియో చూస్తున్నప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో చూసే భాగ్యం ఒక్కటే కోరాను.

ఆవును చూపించారు, హారతి ఇచ్చారు, జనం కేకలు వేశారు. చౌడమ్మ కళ్లు ఎంత బాగా వచ్చాయంటే ఆ ఊరి ఆడవాళ్లు చూసి ఏడ్చారు. ఇంటికి వచ్చి, కెమెరాకు ఉన్న అరచేతి పాటి తెర విప్పి, అమ్మా నేనూ తలలు దగ్గరికి చేర్చి కూర్చున్నాం.

తెర మీద వీపు కనబడింది.

ఒక నిమిషం చూశాం. వీపే. ముందుకు జరిపాను. వీపే. ఇంకా జరిపాను. కళ్లు చెక్కే మనిషి కళ్ల ముందు కూర్చుంటాడని, ఆయన వెనక పెట్టిన కెమెరాకు ఆయన వీపు తప్ప ఏదీ కనబడదని నాకు తట్టలేదు. ఎలా తడుతుంది? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నేను ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయనకు వీపు ఒకటుందనే నాకు తెలియదు. ఫోకస్ మాత్రం అద్భుతంగా కుదిరింది. వీపు మధ్యలో తెల్లటి పౌడరుతో ఐదు వేళ్లూ విడివిడిగా అమ్మ చెయ్యి అచ్చు పడి ఉంది.

"అయ్యో నా చెయ్యి!" అని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఊరూరూ చూస్తాదా ఇది? ఒట్టు, ఎవరికీ సూపియ్యగూడదు!"

పంచె ముడి దగ్గర పెట్టిన మైకు తన పని తాను చేసింది. ప్రతిష్ఠ అయ్యేవరకు ఉపవాసమున్న నాయన కడుపు ఎప్పుడెప్పుడు ఎలా అరిచిందో ఒక్కటీ వదలకుండా పట్టింది. సరే, చివరికి ఆయన పక్కకు జరుగుతాడు కదా, అప్పుడు అమ్మవారి కళ్లు కనబడతాయి కదా అని చివరకంటా జరిపాను. నాయన బంగారు సూది పక్కన పెట్టాడు. వెనక్కి చూడకుండా లేచాడు. భుజం మీది కండువా తీశాడు. అది మెల్లగా పెద్దదై, పెద్దదై, తెరంతా కప్పేసింది.

"నాయనా! కండువా యాల కప్పినావు?"

నాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "అమ్మ సూపు సామాన్యమైంది కాదు పాపా. అద్దానికేం, పగిలితే ఇంకోటి తెచ్చుకోవచ్చు. నీ జుంకాలు పోసి కొన్న పెట్టె గదా, ఏమన్నా అయితే?" అన్నాడు.

ఆ మాటకు ఏడవాలో నవ్వాలో తెలియక గోడ వైపు తిరిగి పడుకున్నాను. నాయన చెయ్యి లోకం చూడాలని నేను పెట్టిన కెమెరాలో ఆయన చెయ్యి ఒక్కటే లేదు.

అయినా ఆశ చావదు. పెద్ద కంప్యూటర్లో వేసి చూస్తే అంచుల్లో ఎక్కడైనా ఉలి కొస అయినా కనబడుతుందేమో. కంప్యూటర్ మా ఎరికలో ఎవరి దగ్గరుంది? నంద్యాలక్క దగ్గర. ఒళ్లో ఆ పెట్టెను పెట్టుకుని నంద్యాల బస్సెక్కిన రోజున నేను భగవంతుడితో మాట్లాడలేదు.

ఆమె తలుపు తీసి, నన్ను చూసి, నా చేతిలోది చూసి, "ఏమ్మే, ఎవరి పెండ్లి?" అంది. తర్వాత వీడియో చూసింది. మొదటి నిమిషం మర్యాదగా చూసింది. రెండో నిమిషంలో, "ఇది పిన్నమ్మ చెయ్యి గదా!" అని అరిచింది. నాయన కడుపు గట్టిగా అరిచిన చోట కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుని నవ్వింది. "నలభై నిమిషాలా? నలభై నిమిషాలూ ఇదేనామ్మే?" నేను పళ్లు బిగించుకుని, అలాగే నిలబడి, వచ్చే జన్మలో ఆమె నా చెల్లెలుగా పుట్టాలని కోరుకుంటుండగా, ఆమె నవ్వు ఆగింది.

"ఈడ చూడు" అంది.

వీడియోలో నాయన ఎడమ చెయ్యి వీపు చాటు నుంచి బయటికి వచ్చింది. తల తిప్పలేదు. అరచెయ్యి పైకి తెరిచి, పక్కకు చాపి, అలాగే గాల్లో ఉంచాడు. కాసేపు ఉంచాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, నేల మీద తడుముకుని ఉలి తానే తీసుకున్నాడు.

నంద్యాలక్క దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. "ఎవరికే చెయ్యి చాపినాడు చిన్నాయన? లోపల ఎవరూ ల్యారు గదా."

"నాకే" అన్నాను. "షెడ్డులో అట్లనే చాపుతాడు. ఏ ఉలి కావల్నో నేను చూసి పెడతా. చెప్పడు."

ఆమె ఇంకోసారి వెనక్కి తిప్పింది. ఈసారి నవ్వలేదు. "మా నాయన నాకు చెయ్యి చాపేది ఫోన్ చార్జర్ కోసమేమ్మే" అంది. అనేసి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులు రెండూ అంత బాగా లేవు.

అప్పుడు, ఆ ఒక్క క్షణం నాకు ధైర్యం వచ్చింది. "అక్కా, ఆ నంది మొహం, పట్టెడ మా నాయన చేసినవి" అన్నాను. ఇన్నాళ్లూ మనసులో వెయ్యిసార్లు అన్న మాట, నోటితో అనేసరికి ఎంత చిన్నగా ఉందో.

"అవునా? మా నాయన చెప్పల్యానే" అంటూనే ఆమె చేతులు మీటల మీద పరిగెత్తాయి. అర నిమిషం కూడా పట్టలేదు. నంది కింద అక్షరాలు మారిపోయాయి: "మా చిన్నాయన చెక్కిన నంది." "అడిగింటే ఆ పొద్దే మారుస్తాంటి గదమ్మే. నువ్వెప్పుడన్నా అడిగితివా?"

నేను అడగలేదు. ఒక్క మాట అడగడం ఇష్టంలేక కెమెరా కొన్నాను, స్టాండు కొన్నాను, మైకు కొన్నాను, జుంకాలు మానుకున్నాను, చౌడమ్మ తొలిచూపుకు శాస్త్రం చెప్పాను.

సాయంత్రం ఇంటికొచ్చి నాయనకు చూపించాను. పేర్లెందుకనే మనిషి కదా, చూసి ఊరుకుంటాడనుకున్నాను. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, అద్దాలు పెట్టుకుని, ఫోన్‌ను దగ్గరికి, దూరానికి జరుపుకుంటూ చాలాసేపు చూశాడు. ఇచ్చేసి షెడ్డు గుమ్మం దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, "అక్షరాలు ఇంకొంచెం పెద్దగ పెట్టమంటే పెడ్తాదా ఆ పాప?" అన్నాడు.

ఆ వారమంతా నేను చాలా మంచిదాన్నయ్యాను. నంద్యాలక్కను తలుచుకుని నిండు మనసుతో దణ్ణం పెట్టాను. ఎనిమిదో రోజు ఆ వీడియో కింద జనం రాసిన మాటలు చదివాను. "సొంత నాన్నను కాదని చిన్నాయన పేరు పెట్టావు, ఎంత పెద్ద మనసు తల్లీ నీది!" "నీలాంటి కూతురు ప్రతి ఇంట్లో ఉండాలి." అలాంటివి పేజీ నిండా. చూసినవారి సంఖ్య మూడింతలు అయింది. (ఈసారి నా వంతు అందులో తక్కువే, ప్రమాణం చేసి చెప్పగలను.)

ఇప్పుడు ఆ పందొమ్మిదేళ్ల పిల్ల నా కళ్ల ముందు మెదిలితే, తన నడుమంత పెట్టెను ఒళ్లో పెట్టుకుని, బస్సు కిటికీ దగ్గర మూతి ముడుచుకుని కూర్చుని కనబడుతుంది. తండ్రి కోసం బయలుదేరాననుకుంటోంది పాపం. ఆమెను తిట్టబుద్ధి కాదు, పక్కన కాస్త చోటు చేసుకుని కూర్చోవాలనిపిస్తుంది. నంద్యాలక్కా నేనూ ఇప్పుడు కలిసే పనిచేస్తున్నాం. ఆమె తీసినవి నావాటికన్నా బాగుంటాయి, ఆ సంగతి పైకి కూడా ఒప్పుకుంటున్నాను. రోజూ దీపం పెట్టి, నాకు ఇచ్చినవన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకుంటాను. ఆమె పేరు కూడా తప్పకుండా చెబుతాను. ఆ ఒక్క పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు కొంచెం తగ్గుతుంది. స్వామి చెవి మంచిదే, వినబడుతూనే ఉంటుంది లెండి.